సొరకాయ రోజు బస్సు ఆలస్యం

మా వీధి మొదట్లో రోజూ పదకొండూ ఐదుకి ఒక బస్సు ఆగుతుంది. ఆగి రెండుసార్లు హారను కొడుతుంది. నేను క్యారేజీ అందించి, ఇవాళ ఏం కూర వండానో చెబితేగాని కదలదు. ఆ బస్సుకి డ్రైవరు లేడు. లేడని ప్రభుత్వం వారు బోర్డు కూడా పెట్టారు.

ఇదెలా జరిగిందని అడుగుతూ ఇప్పటికి మూడు కమిటీలు మా ఇంటికి వచ్చాయి. మూడింటికీ టీ ఇచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మూడూ మూడు రకాలుగా రాసుకుని వెళ్లాయి. అందుకని ఇక నేనే చెబుతున్నాను.

మా ఆయన దొరబాబు గారు వేగులపాలెం డిపోలో డ్రైవరు. డిపో నుంచి ఓడలలంక దాకా కాలువ గట్టు మీద ఇరవై రెండు కిలోమీటర్లు. ఇరవై ఆరేళ్లుగా ఆయనది అదే దారి. ఒక్క కోడిపిల్లని కూడా తొక్కలేదు. ఆయన బస్సు నడిపే పద్ధతి లంక ఊళ్లన్నిటికీ తెలుసు. రెల్లుగడ్డలో సత్యవతి హోటలు దగ్గర రెండు నిమిషాలు ఆపి టీ తాగుతారు. వంతెన దగ్గర, జడ వేసుకుంటూ పరిగెత్తుకొచ్చే టీచరు గారి కోసం ఆగుతారు. కోతల రోజుల్లో రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటే ఎడమ చక్రాలు రెండూ గడ్డిలోకి దించి, ఒక్క గింజ నలక్కుండా పోనిస్తారు. ముత్యాలమ్మ గుడి ముందు లైట్లు ఒకసారి వెలిగించి ఆర్పుతారు. అది దణ్ణం. మా అన్నయ్య ఎరువుల కొట్టు ముందు మాత్రం ఎవరూ అడ్డం లేకపోయినా పొడుగ్గా హారను కొడతారు. మా పెళ్లికి అన్నయ్య పెట్టిన వాచీ ఏడాది తిరక్కుండా ఆగిపోయింది మరి.

పదకొండూ ఐదుకి మా వీధి మొదటికి వచ్చేసరికి రెండు హారన్లు. నేను గుమ్మం దిగి వెళ్లి కిటికీలోంచి క్యారేజీ అందిస్తాను. పక్కనున్న కొక్కేనికి తగిలించుకుని, "ఏం కూరా?" అని అడుగుతారు. చెబుతాను. బస్సు కదులుతుంది. ఓడలలంక చేరాక ఆయన భోజనం. అంతే, ఇందులో ప్రభుత్వం కల్పించుకోవలసింది ఏమీ లేదని అనుకునేదాన్ని.

కిందటేడు పెద్ద మేనేజరు పరబ్రహ్మం గారు ఎక్కడికో సదస్సుకు వెళ్లొచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన డ్రైవర్ల వైపు జాలిగా చూడడం మొదలుపెట్టారు. తరవాత డిపోలో షామియానా వేసి ప్రసంగించారు.

"మానవ ప్రమేయము వల్లనే మానవులకు ప్రమాదము వాటిల్లుచున్నది. కావున వాహనము నుంచి మానవుని తొలగించుట మానవుని మేలు కొరకే!"

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది డ్రైవర్లే. తొలగించే మానవుడు తామేనని వాళ్లకి అప్పటికి తట్టలేదు.

కొత్త బస్సు వచ్చింది. లోపలా బయటా కెమెరాలు. దానికి తెలివి ఉందిగాని చదువు లేదు. తొంభై రోజులు మంచి డ్రైవరు నడుపుతుంటే చూసి నేర్చుకుంటుందట. ఆ మంచి డ్రైవరుగా మా ఆయన్ని ఎంచి, శాలువా కప్పి, 'ఆదర్శ చోదకుడు' అని పేరు పెట్టారు. బస్సుకి చదువు చెప్పడానికి ఉదయశంకర్ అనే ఇంజనీరు వచ్చాడు. నెత్తిన నాలుగు వెంట్రుకలు, ఒళ్లో కంప్యూటరు.

"ఏవండీ, నేనేవన్నా కొత్తగా నడపాలాండీ?" అని మా ఆయన అడిగారు.

"రోజూ ఎలా నడుపుతారో అలాగే నడపండి, అంతే చాలు."

"మరి టీ?"

"తాగండి."

"మరి... క్యారేజీ?"

"రోజూ ఉండేదైతే ఉండాల్సిందే."

వారం తిరక్కుండానే ఉదయశంకర్‌కి అనుమానం వచ్చింది. టీ, గుడి, ఎరువుల కొట్టు, మా ఇల్లు, ఈ నాలుగూ బస్సుకి అనవసరం కదా, తీసేయమంటారా అని పరబ్రహ్మం గారిని అడిగాడు. ఆయన పై నుంచి వచ్చిన సర్క్యులరు తీసి చదివారు.

"'ఆదర్శ చోదకుడు విధి నిర్వహణలో చేయు సమస్త చర్యలూ ప్రామాణిక చర్యలుగా పరిగణింపబడును. వాటిలో ఏది అవసరము, ఏది అనవసరము అను విచక్షణ క్షేత్రస్థాయి సిబ్బందికి లేదు.' చూశారా? మీకూ లేదు, నాకూ లేదు."

విచక్షణ లేకుండానే తొంభై రోజులూ పూర్తయ్యాయి.

ప్రారంభోత్సవం నాడు మా ఆయనకి సెలవిచ్చారు. బస్సులో మంత్రిగారు, పరబ్రహ్మం గారు, ఉదయశంకర్, విలేకరులు, కండక్టరు సుగుణ ఉన్నారు. డ్రైవరు సీటులో పూలదండ ఉంది. బస్సు చక్కగా వెళ్లిందట. రెల్లుగడ్డలో ఆగింది. సత్యవతి అలవాటు కొద్దీ గ్లాసు పట్టుకుని పరిగెత్తుకొచ్చి కిటికీలో ఎవరూ లేకపోతే మంత్రిగారికిచ్చింది. టీచరు గారు జడ పూర్తిగా వేసుకుని ఎక్కారు. గుడి దగ్గర లైట్లు వెలిగి ఆరితే, "యంత్రానికి కూడా సంస్కారమబ్బింది!" అని మంత్రిగారు మురిసిపోయారు. మా అన్నయ్య కొట్టు ముందు హారను మోగింది. "డ్రైవరు లేకపోయినా నన్నొదల్లేదేంట్రా!" అని అన్నయ్య బయటికొచ్చి తిట్టాడు. దాన్ని ప్రజల హర్షధ్వానాల్లో కలిపేశారు.

పదకొండూ ఐదు. మా వీధి మొదట రెండు హారన్లు.

"ఏవండీ, మీ బస్సు," అన్నాను.

మా ఆయన లుంగీ కట్టుకుని బెండ మొక్కలకి నీళ్లు పోస్తున్నారు. "నాదేంటి? గవర్నమెంటుది."

"మరి నన్ను పిలుస్తోందేంటి?"

ఆయన ఇంట్లోనే ఉన్నారని ఆ పూట ఉప్మాతో సరిపెట్టాను. బస్సు పావుగంటసేపు అలాగే నిలబడింది. డ్రైవరు పక్క అద్దం దానంతటదే కిందికి దిగి ఉంది. పరబ్రహ్మం గారు చెమట తుడుచుకుంటూ మా గుమ్మంలోకి వచ్చారు.

"అమ్మా, వాహనము తమ నుంచి ఏదో ఆశిస్తున్నది."

"క్యారేజీ అండి."

"దానికి ఆకలి వేయదే!"

సుగుణ వెనకనుంచి అందుకుంది. "ఆకలి కాదండి, అలవాటు. వదినా, ఏదో ఒకటి పెట్టిచ్చేయ్, మంత్రిగారు మాడిపోతన్నారు."

ఖాళీ క్యారేజీ తగిలించాం. కదల్లేదు. బరువు లేదని దానికి తెలిసిపోయిందని ఉదయశంకర్ చెప్పాడు. ఉప్మా పెట్టి తగిలించాం. కదల్లేదు. మా ఆయన బెండ మొక్కల దగ్గర నుంచే కేకేశారు. "కూరేంటో చెప్పవే! నువ్వు చెప్పకుండా నేనెప్పుడన్నా బండి తీశానా?"

మంత్రిగారి ముందు ఖాళీ సీటుతో మాట్లాడాలంటే సిగ్గేసింది. కొంగు సర్దుకుని, "ఉప్మా," అన్నాను. కదల్లేదు.

"ఉప్మా కూరెలాగవుద్ది వదినా?" అంది సుగుణ.

"మాగాయ పచ్చడి కూడా ఉంది," అన్నాను.

బస్సు తుస్సుమని బ్రేకులు వదిలి కదిలింది. మంత్రిగారు చప్పట్లు కొట్టారు. మర్నాడు పేపర్లో 'చోదకరహిత యుగానికి శ్రీకారం' అని వేశారు. ఫోటోలో పూలదండ పక్కన మా క్యారేజీ స్పష్టంగా పడింది.

అప్పట్నుంచి రోజూ నేను క్యారేజీ ఇవ్వడం, బస్సు తీసుకెళ్లడం. ఆ అన్నం ఎవరు తినాలన్నది సర్క్యులర్లో లేదు. ప్రభుత్వ వాహనానికి అందింది ప్రభుత్వపు సొత్తు కనక మా ఆయన తినడానికి వీల్లేదు. ఓడలలంక బస్టాండులో రెండు కుక్కలు నున్నగా తయారయ్యాయి.

"రొయ్యల ఇగురు కూడానా?" అని మా ఆయన సుగుణని అడిగారు.

"నాలిక్కి నీళ్లొత్తాయన్నయ్యా, చెప్పమంటావా? నల్ల కుక్క కొత్తిమీర పక్కకి తీసేసి మరీ తింటంది."

ఆయన చెంబు తీసుకుని బెండ మొక్కల దగ్గరికి వెళ్లిపోయారు.

ఈలోగా ఉదయశంకర్ ఒక సంగతి కనిపెట్టాడు. నేను రొయ్యలన్న రోజు బస్సు ఓడలలంకకి తొమ్మిది నిమిషాలు ముందే చేరుతోంది. సొరకాయ అన్న రోజు తుస్సుమని నిట్టూర్చి, పద్నాలుగు నిమిషాలు ఆలస్యంగా పోతోంది. నన్నడిగితే ముందే చెప్పేదాన్ని. మా ఆయనకి రొయ్యలంటే ప్రాణం, సొరకాయ అంటే ఈసడింపు. సొరకాయ తినడానికి ఎవరు తొందరపడతారు?

ఇది తప్పు అనుకుని సరిదిద్దే మనిషి ఉదయశంకర్. ఇది నిధి అనుకున్నారు పరబ్రహ్మం గారు. నాలుగు రోజుల్లో ఒక కాగితం తెచ్చారు. పేరు 'వ్యంజనాధారిత వేగ నియంత్రణ పట్టిక'.

"సోమ, గురువారములు సంత రద్దీ. కావున సొరకాయ. మంగళ, శుక్రవారములు వేగము అవసరము. రొయ్యలు. బుధవారము మధ్యస్థముగా వంకాయ. తాము దీనిని వంటింటి గోడకు అంటించవలెను."

"వంకాయలు పుచ్చులొస్తే ఏం చెయ్యమంటారండీ?"

ఆయన ఆలోచించారు. "ముందుగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను."

క్యాలెండరు మీద అంటించాను. ఊళ్లవాళ్లు మాత్రం ఆ పట్టికని లెక్కచెయ్యలేదు, నేరుగా నా దగ్గరికే వచ్చేవారు. "పిన్నిగారూ, రేపు మా అమ్మాయికి పరీక్ష. గురువారమైనా సరే, రెండు రొయ్యలు వెయ్యండి." "అక్కా, మా కోడలికి తొమ్మిదో నెల. ఆసుపత్రికి తీసుకెళ్తన్నాం, కుదుపుల్లేకుండా మెల్లిగా పోవాలి, ఒక్క పూట సొరకాయ వండవా తల్లీ." నా జీవితంలో నా వంటని ఇంతమంది ఇంత శ్రద్ధగా అడిగింది లేదు. కోడలు క్షేమంగా చేరింది, మగపిల్లాడు. వాళ్లు మాకు మిఠాయితో బాటు సొరకాయ కూడా ఇచ్చారు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా మా ఆయనకి కాగితం వచ్చింది. బస్సు పని నేర్చుకుంది కనక ఆయన 'మిగులు చోదకుడు' అట. అవతల కొండల్లో, ఇక్కణ్ణించి ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణమున్న డిపోకి బదిలీ. అక్కడి ఘాట్ రోడ్డు ఈ బస్సులు ఎక్కలేవు, మనుషులే కావాలి. ఒకటో తారీకున చేరాలి. యాభై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పులు. హోటలు మెతుకు తింటే పడని మనిషి.

ఆయన ట్రంకుపెట్టె దించి తుడుచుకున్నారు. నేను చూసింది మాత్రం ఇంకొకటి. రోజూ పదకొండూ ఐదుకి హారను వినపడగానే ఆయన కుర్చీలోంచి సగం లేచి, చెయ్యి ముందుకి చాపి, మళ్లీ కూర్చునేవారు.

నాలుగో రోజు నేను డిపోకి వెళ్లాను.

"నేనూ ఆయనతో వెళ్లిపోతున్నానండి. ఒకటో తారీకు నుంచి క్యారేజీ ఉండదు. లిఖితపూర్వకంగా తెచ్చాను."

పరబ్రహ్మం గారి మొహం పాలిపోయింది. "తాము వెళ్లరాదమ్మా! తాము వాహనములో అంతర్భాగము." బీరువా తీసి ఒక జాబితా చూపించారు. ఆ బస్సు విడిభాగాల జాబితా అది. పదహారో వరసలో 'అద్దములు తుడుచు పుల్లలు, రెండు' అని ఉంది. పదిహేడో వరసలో 'వీరవేణి, ఒకటి'. అంటే నేనే.

"ఒకటే ఉంది. స్పేరు లేదు," అన్నారు దిగులుగా.

"విడిభాగం వెళ్లిపోతోందండి. ఇంకోటి తెప్పించుకోండి," అని వచ్చేశాను.

తెప్పించుకోవాలని చూశారు. ముందు సుగుణ చేత క్యారేజీ ఇప్పించారు. "బీరకాయండీ బస్సుగారూ," అంది. బస్సు కదల్లేదు సరికదా, అద్దం కూడా పైకెత్తేసింది. తరవాత నా గొంతు రికార్డు చేసుకుంటామని వచ్చారు. సరే, పోయేదాన్ని, పుణ్యమొస్తుందని 'గోంగూర' అని చెప్పాను. మొదటి రోజు గోంగూర అని రికార్డు మోగింది, బస్సు వెళ్లింది. రెండో రోజు గోంగూర, కొంచెం తటపటాయించి వెళ్లింది. మూడో రోజు గోంగూర అనగానే ఇంజను ఆపేసింది.

ఉదయశంకర్ తల పట్టుకున్నాడు. తొంభై రోజుల లెక్కా తిరగేసి చూస్తే తేలిందట, నేను వరసగా మూడు రోజులు ఒకే కూర ఎప్పుడూ వండలేదు. ఆ మాట వినగానే నాకు ఎక్కడలేని గౌరవం కలిగింది, బస్సు మీద. మా ఇంట్లో ఆ సంగతి గమనించిన మొదటి ప్రాణి అదే.

నెల తిరిగింది. ఒకటో తారీకు పొద్దున్న ఇంటికి తాళం వెయ్యబోతూ ట్రంకుపెట్టె అరుగు మీద పెట్టాం. మాకు తెలియనిదేమంటే, పైవాళ్లకి మా బస్సు మహా నచ్చేసిందట. దాని తెలివిని అచ్చంగా అలాగే ఇంకో పదకొండు బస్సుల్లో పోసి, ఆ రోజే పదకొండు దారుల్లో వదిలారు.

పదకొండూ ఐదయ్యేసరికి హారన్లు మొదలయ్యాయి. రెండు కావు. బయటికొచ్చి చూస్తే మా వీధి మొదటి నుంచి వంతెన దాకా, వంతెన దాటి రైసుమిల్లు దాకా బస్సులు. పన్నెండు. ఏ దారిన బయల్దేరినవి ఆ దారి వదిలేసి ఇక్కడికొచ్చాయి. పన్నెండింటికీ డ్రైవరు పక్క అద్దాలు దించి ఉన్నాయి. ఎక్కడెక్కడికో వెళ్లవలసిన జనమంతా మా వీధిలోకి దిగారు. "ఇది ఏ ఊరండీ?" అని ఒక పెద్దాయన నన్నే అడిగాడు. అటు మా అన్నయ్య కొట్టు ముందు పన్నెండు హారన్లు పడ్డాయట. కొట్టు మూసేసి, వాచీల దుకాణానికి బయల్దేరాడని తరవాత తెలిసింది.

పరబ్రహ్మం గారు ఎవరిదో సైకిలు వెనక కూర్చుని వచ్చారు.

"అమ్మా, పన్నెండు క్యారేజీలు! అత్యవసర ప్రాతిపదికన!"

"నాకున్నది రెండు పొయ్యిలండి. ఆ రెండూ ఇప్పుడే కట్టేసి పెట్టెలో పెట్టాం."

"కేంద్రీకృత పాకశాల మంజూరు చేయించెదను. తాము కేవలము కూర పేరు ఉచ్చరించినచో చాలును."

అప్పటిదాకా నాకు కోపం లేదు. ఆ మాటకి వచ్చింది.

"ఎవరికండీ చెప్పేది? ఖాళీ సీటుకా? ఇరవై ఆరేళ్లూ ఆయన 'ఏం కూరా' అని అడిగితే నేను చెప్పాను. అడిగేవాళ్లు లేకుండా చెప్పడానికి నేనేమన్నా రేడియోనా? ఆదర్శ చోదకుడు చేసినవన్నీ ప్రామాణిక చర్యలన్నారు. మరి అడగడం చర్య కాదా? అదెవరు చేస్తున్నారు?"

పరబ్రహ్మం గారు ఉదయశంకర్ వైపు చూశారు. ఉదయశంకర్ కంప్యూటరు తెరిచి, చాలా సంతోషంగా, "నిజమేనండి. తొంభై రోజుల్లో తొంభైసార్లు అడిగారు. మనమే ఆ చర్య వదిలేశాం. సర్క్యులరు ఉల్లంఘన," అన్నాడు.

ఉల్లంఘన అనే మాట వినగానే పరబ్రహ్మం గారు మా అరుగు మీద కూర్చుండిపోయి మంచినీళ్లడిగారు. తాగి, పైవాళ్లకి ఫోను చేశారు. జనమంతా మా ఇంట్లో మజ్జిగ తాగుతుండగా, గంటలో ఉత్తర్వు వచ్చింది. ఆయన లేచి నిలబడి చదివారు.

"'ప్రతి చోదకరహిత వాహనమునకు ఒక వ్యంజన విచారకుని నియమించవలెను. విధులు: క్యారేజీ అందుకొనుట, కొక్కెమునకు తగిలించుట, ఏమి కూర యని విచారించుట, గమ్యము చేరిన పిదప దానిని భుజించుట. అర్హతలు: కిటికీ, కొక్కెము రెండును చేతికందు స్థానమున కూర్చొనగలిగి ఉండవలెను.'"

ఆ స్థానం బస్సులో ఒక్కటే ఉంది. డ్రైవరు సీటు.

"మా ఆయన బదిలీయో?" అన్నాను.

"విచారకుని బదిలీ చేయుటకు నిబంధన లేదు. పోస్టు ఇప్పుడే పుట్టినది కదా."

మిగతా పదకొండు బస్సులకీ మిగులు డ్రైవర్లనే విచారకులుగా వేశారు. ఏ బస్సుకి ఆ బస్సు విచారకుడి ఇంటి దారి తొంభై రోజులు మళ్లీ నేర్పించారు. ఇప్పుడు పన్నెండు వీధుల్లో, పన్నెండు గుమ్మాల్లోంచి, పన్నెండు క్యారేజీలు వెళ్తున్నాయి. డ్రైవర్లు లేని తొలి జిల్లాగా మాకు షీల్డు వచ్చింది. పరబ్రహ్మం గారు దాన్ని తీసుకోవడానికి వెళ్తూ మా ఇంట్లో వంకాయ కూర తిని వెళ్లారు.

మా ఆయన సీటు వెనక బోర్డు పెట్టారు. 'ఈ ఆసనములో కూర్చున్న వ్యక్తి చోదకుడు కాడు.' స్టీరింగు ముట్టుకోకూడదు. చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. ఆయన అలాగే పెట్టుకుంటున్నానంటారు. కిందటి నెల వచ్చిన మూడో కమిటీ బస్సంతా చూసి, స్టీరింగు ఒకచోట నున్నగా అరిగి ఉందేమిటని అడిగింది.

"ఏమోనండి, ఆయ్. రోడ్డు మీద వడ్లున్నాయి కదండీ, గడ్డిలోకి దిగేటప్పుడు దానికదే రుద్దుకుంటాదేమో," అన్నారు మా ఆయన.

'వాహనము తన స్టీరింగును స్వయముగా అరగదీసుకొనుచున్నది' అని రాసుకుని వెళ్లారు.

నిన్న సోమవారం. పదకొండూ ఐదుకి రెండు హారన్లు. గుమ్మం దిగి వెళ్లి క్యారేజీ అందించాను. ఆయన అందుకుని కొక్కేనికి తగిలించుకున్నారు.

"ఏం కూరా?"

పట్టిక ప్రకారమే చెప్పాను. "సొరకాయ."

తుస్సుమని నిట్టూర్పు వినిపించింది. బస్సుదో ఆయనదో తెలియలేదు. పద్నాలుగు నిమిషాలు ఆలస్యంగా ఓడలలంక చేరారట. కుక్కలు రెండూ ఎదురొచ్చి, మా ఆయన గిన్నె మూత తియ్యడం చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాయని సుగుణ చెప్పింది.